అమ్మీ ప్లేటు



శరమ్ అనిపించి ఇన్నాళ్లూ రాయని మా ఇంటి మాట ఇది.

2019లో అమ్మీకి మోతీబిందు ఆపరేషన్ చేయిద్దామని కడపకు తీసుకెళ్లాం. ముందుగా చేసిన ఖూన్ టెస్టులో హెపటైటిస్ సి అని తేలింది. అమ్మీ ఒంట్లో ఏ తక్‌లీఫూ లేదు. కానీ ఆ రిపోర్టుతో ఇంటికొచ్చేసరికి మేమంతా మారిపోయాం.

"ఎక్కడ్నుంచి తగులుకుందో ఏమో!" అని ఫూఫీ అదోలా అంది. ఆ మాటలోని ఇల్జామ్ అమ్మీకి అర్థమైంది, బదులు చెప్పలేదు. ముప్పై ఏళ్లు కాపురం చేసిన అబ్బా తన పరుపు వరండాలోకి మార్చుకున్నారు. నా బీవీ పిల్లల్ని దాదీ ఒళ్లోకి పోనివ్వలేదు. నేనూ ఏం తక్కువ తినలేదు. కొత్త స్టీలు ప్లేటు, గ్లాసు తెచ్చి, గుర్తుకోసం మేకుతో గీత పెట్టి, "అమ్మీ, ఇవి నీకు" అన్నాను. అందరం దస్తర్‌ఖాన్ చుట్టూ కూర్చుంటే అమ్మీ బావర్చీఖానాలో ఒక్కతే తినేది. అలా పదకొండు రోజులు.

పన్నెండో రోజు సర్కారీ దవాఖానాలో డాక్టరమ్మ అడిగిన మొదటి సవాల్: "మీ ఇంట్లో నేల్‌కట్టర్లు ఎన్ని?"

"ఒకటే మేడమ్."

అప్పుడు వెలిగింది మాకు. ప్లేటు వేరు చేశాం, పరుపు వేరు చేశాం. నేల్‌కట్టర్ మాత్రం అందరిదీ ఒకటే!

ఈ వైరస్ ఖూన్ నుంచి ఖూన్‌కే పోతుంది. జూఠా తింటే, ఒకే గ్లాసులో తాగితే, గలే మిలితే, దగ్గితే అంటుకోదు. రక్తం అంటే అవకాశమున్న బ్లేడు, రేజర్, టూత్‌బ్రష్, నేల్‌కట్టర్, సూది ఎవరివి వాళ్లకుండాలి. హిజామా చేయించుకున్నా, పిల్లలకు ఖత్నా చేయించినా కొత్త బ్లేడు కళ్లముందే విప్పమనాలి.

మరి మియాబీవీ సంగతి? అబ్బా తల వంచుకునే అడిగారు. ఒకరికొకరే అయిన దంపతుల మధ్య ఇది అంటుకోవడం చాలా అరుదు అన్నారామె. అమెరికాలో 500 జంటల మీద జరిగి 2013లో వెలువడిన పరిశోధనలో ఆ ప్రమాదం ఏడాదికి గరిష్ఠంగా పదివేల మందిలో ఏడుగురికి. నెలసరి రోజుల్లో, పుండ్లున్నప్పుడు ఎహతియాత్ చాలు. తల్లి నుంచి కడుపులో బిడ్డకు మాత్రం నూటికి ఐదారుగురికి రావచ్చు. అందుకే అబ్బాకీ, మాకూ టెస్టులు చేశారు. అల్‌హమ్దులిల్లాహ్, ఎవరికీ లేదు.

అమ్మీకి ఎలా వచ్చిందో ఖచ్చితంగా తెలియదు. 1994లో తమ్ముడు పుట్టినప్పుడు ఆపరేషన్ చేసి రెండు బాటిళ్ల ఖూన్ ఎక్కించారు. మన దేశంలో దానం చేసిన రక్తానికి ఈ టెస్టు తప్పనిసరి అయింది 2001లో. ఫూఫీ షక్‌కి జవాబు బహుశా అదే. బిడ్డను కన్నందుకు అంటిన బీమారీకి మేం ఇల్జామ్ వేశాం.

2018 జులై 28న మొదలైన జాతీయ కార్యక్రమం కింద మందులు ముఫ్త్‌గా ఇచ్చారు. పన్నెండు వారాల మాత్రలు. నూటికి తొంభై ఐదు మందికి పైగా నయమవుతుంది. కోర్సు అయ్యాక మరో పన్నెండు వారాలకు చేసిన ఆర్‌ఎన్‌ఏ టెస్టులో అమ్మీకి వైరస్ లేదు. యాంటీబాడీ టెస్టు తర్వాత కూడా పాజిటివ్ అనే చూపిస్తుంది, ఘబ్రాయించక్కర్లేదు. దీనికి టీకా లేదు. అందుకని 2001కి ముందు ఖూన్ ఎక్కించుకున్నవాళ్లు మీ ఇంట్లో ఉంటే ఒక్కసారి టెస్టు చేయించండి.

డాక్టరమ్మను కలిసొచ్చిన ఆ రాత్రే అబ్బా పరుపు లోపలికి తెచ్చుకున్నారు. మాఫీ అడిగారో లేదో నాకు తెలియదు. నేనైతే అడిగాను. "జానే దే బేటా, డరే థే తుమ్ లోగ్" అంది అమ్మీ.

ఇప్పుడు అందరితోపాటు దస్తర్‌ఖాన్ దగ్గరే కూర్చుంటుంది. కానీ అలవాటుగా ఆ గీత పెట్టిన ప్లేటే తీసుకుంటుంది. నేను రోజూ చూస్తుంటాను.