తెలిసినంతే చెప్పే లెక్క



మా ఇంట్లో డిగ్రీ పాసైన మొదటివాణ్ణి నేను. ఇప్పుడు ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ చదువుతున్నాను. అందులో నా మనసుకు బాగా దగ్గరైన పాఠం గరిష్ఠ ఎంట్రోపీ సూత్రం. దాని గురించి మీతో నాలుగు మాటలు పంచుకుంటాను.

1948లో క్లాడ్ షానన్ అనిశ్చితిని కొలిచే పద్ధతి చూపించాడు. ఆ కొలతకే ఎంట్రోపీ అని పేరు. 1957లో ఇ.టి. జేన్స్ అనే అమెరికా భౌతిక శాస్త్రవేత్త దాని మీద ఈ సూత్రం నిలబెట్టాడు. తెలిసిన సమాచారానికి పూర్తిగా కట్టుబడాలి, తెలియనిచోట ఏ పక్షమూ వహించకూడదు. ఇదే దాని సారాంశం.

ఆయన ఇచ్చిన ఉదాహరణే చూద్దాం. మంచి పాచికను చాలాసార్లు వేస్తే సగటు 3.5 దగ్గర ఉంటుంది. ఒక పాచికకు మాత్రం 4.5 వచ్చిందట. మనకు తెలిసింది అంతే. ఏ అంకె పడే సంభావ్యత ఎంత? 4, 5 చెరి సగం పడతాయన్నా సగటు 4.5 వస్తుంది. కానీ అలా అంటే 1, 2, 3, 6 ఎప్పుడూ పడవని తేల్చేసినట్టే. ఆ సంగతి మనకెవరు చెప్పారు? అందుకే సగటు 4.5 ఇచ్చే పంపకాలన్నిటిలో ఎంట్రోపీ అత్యధికంగా ఉన్నదాన్ని తీసుకుంటాం. అప్పుడు 1కి సుమారు 5.4 శాతం వస్తుంది. ఆ తర్వాత ప్రతి అంకెకూ ముందుదానికి దాదాపు 1.45 రెట్లు చొప్పున పెరిగి, 6కి 34.7 శాతం వస్తుంది. ఏ అంకెకూ సున్నా రాదు. సగటు కూడా తెలియకపోతే ఆరింటికీ సమానంగా ఆరో వంతు ఇస్తాం.

పత్తి ఏరి వచ్చిన అమ్మ "ఏం చదువుతున్నావురా?" అని అడిగితే ఇదే చెప్పాను. "తెలియంది తెలిసినట్టు చెప్పకపోవడానికి అంత పెద్ద చదువు కావాలా?" అని నవ్వింది.

కావాలనే నాకనిపిస్తుంది. డిగ్రీలో చేరేటప్పుడు ఒక పెద్దమనిషి "లెక్కల గ్రూపు నీవల్ల కాదు, తేలికది తీసుకో" అన్నారు. ఆయనకు నా గురించి తెలిసినవి రెండే: నేను హాస్టల్ పిల్లవాణ్ణి, మా నాన్న కూలీ. నా లెక్కల మార్కులు అడగనే లేదు. తెలియనిచోట సున్నా రాసేశారు.

ఒక్క విషయం మరవకండి తమ్ముళ్లూ. ఈ సూత్రం మన అవకాశాన్ని పెంచదు. కొత్త సమాచారం చేరితేనే లెక్క మారుతుంది. ఆ సమాచారం మన చదువే ఇవ్వాలి. వచ్చే ఏడాది నేను పీహెచ్‌డీ ప్రవేశ పరీక్ష రాస్తున్నాను. సీటు వస్తుందో రాదో తెలియదు. సున్నా అని మాత్రం రాసుకోను. మీరూ రాసుకోకండి.

మీ అన్న,
పూర్వ విద్యార్థి