చవుడు నేల, తొలి పంట

1989లో నేను అమెరికాలోని కాన్సాస్ స్టేట్ విశ్వవిద్యాలయంలో భూసారశాస్త్ర విద్యార్థిని. అమెరికన్ ఫుట్‌బాల్‌లో ఆ విశ్వవిద్యాలయపు జట్టు అప్పటికి వరుసగా 27 ఆటలలో ఒక్కటీ గెలవలేదు. ఆ ఏడు బిల్ స్నైడర్ శిక్షకుడిగా తొలిసారి దానిని బరిలోకి దించారు. సీజన్ ముగిసేసరికి ఒక గెలుపు, పది ఓటములు.

“ఈయన వల్ల కూడా కాదు” అని తేల్చేశాను.

నేను అద్దెకున్న ఇంటి యజమాని వృద్ధ రైతు. ఆయన నవ్వారు. “చదివేది నేల గురించి గదా! చవుడు దున్నినవాణ్ణి తొలి పంటతో తూస్తావా? అతని చేతికి ఎలాంటి నేల వచ్చిందో చూడు. ఏటికేడు పచ్చదనం పెరుగుతోందా, అది చూడు.”

జట్టు 1990లో ఐదు, 1991లో ఏడు ఆటలు గెలిచింది. 1998లో సాధారణ సీజన్‌లోని 11 ఆటలూ గెలిచింది.

స్వదేశానికి వచ్చాక ఒక కళాశాలలో శాఖాధిపతినయ్యాను. ఏళ్ల తరబడి అందరూ వదిలేసిన తరగతిని ఒక యువ అధ్యాపకుడికి అప్పగించాం. మొదటి ఏడు ఫలితాలు చూసి, అతణ్ణి తొలగించమని సిఫారసు రాయబోయాను. ఆ వృద్ధుడి నవ్వు గుర్తొచ్చి కలం ఆగింది. ఫలితాల పట్టిక పక్కన పెట్టి, హాజరు పట్టీ తెరిచాను. ఖాళీగా ఉండే బల్లలు నిండుతున్నాయి.

మరో రెండేళ్లు ఇవ్వాలని రాశాను.