మడక

కిందటి ఏడాది హోసూరు దగ్గరి ఒక తెలుగు బడికి వెళ్ళాను. ‘మా ఊరు’ అనే వ్యాసం ఇంటివద్ద రాసి తెమ్మని పిల్లలకు చెప్పాను. మరునాడు చూస్తే అయిదు నోటుపుస్తకాల్లోనూ ఒకటే ఊరు! గలగల పారే సెలయేరు, కోయిల పాట, పచ్చని పైరు. ఇక్కడ సెలయేరు ఎక్కడుందని అడిగితే నవ్వేశారు. ఫోనులోని కృత్రిమ మేధ రాసిచ్చిందట.

2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చాక ఇటువంటివి అందరి చేతికీ అందాయి. లెక్కలేనన్ని పుటల నుంచి నేర్చుకున్న యంత్రం, ఏ మాట తరువాత ఏ మాట రావడం పరిపాటో చూసి రాస్తుంది. ఎక్కువగా రాసినవాళ్ళ తెలుగే దాని తెలుగు. హోసూరు అవ్వల తెలుగు అచ్చులో ఎంత ఉంది గనుక?

ఆరో పుస్తకం ఒక అమ్మాయిది. “మా తాత మడక కట్టి దున్నతాడు. గెనిమ మీద కూచోని సంగటి తింటాము” అని రాసింది. నా చెయ్యి ఎర్రకలం మీదికి పోయింది. పాతికేళ్ళుగా ‘మడక’ కొట్టేసి ‘నాగలి’ అనీ, ‘గెనిమ’ కొట్టేసి ‘గట్టు’ అనీ దిద్దినవాణ్ణి నేను. యంత్రం కన్నా ముందే ఆ పని చేశాను!

కలం మూసి, “గెనిమ మీద ఏమేమి మొలుస్తాయమ్మా?” అని అడిగాను. ఆ అమ్మాయి చెప్పసాగింది. వెనక వరుసలోని ఇద్దరు తమ పుస్తకాలు తిరిగి ఇమ్మన్నారు.