జూ పక్కిల్లు

పాలమూరు నుంచి బెంగళూరు రోడ్డు మీదుగా వచ్చే ఎర్రబస్సు ఆరాంఘర్ దాటి, తాడ్‌బన్ దాటి, జూపార్కు గోడ పక్కకు చేరగానే పిల్లలంతా ఒకవైపు కిటికీల మీద పడేవాళ్లట, ఏనుగు తొండమన్నా కనబడకపోతుందా అని. కనబడేది గోడ, గోడ మీదికి వంగిన చెట్లు, అంతే. ఆ మాట చెప్తూనే మా చుట్టాలు బహదూర్‌పురాలో దిగి, గల్లీలు అడుక్కుంటూ మా ఇంటికి చేరేవాళ్లు. చేతిలో జొన్నరొట్టెల మూట, ఒక సీసాలో చింతకాయ తొక్కు, చంకలో నిద్రపోతున్న పిల్ల.

మా వైపు గీత గీసి, కొలత పెట్టి, పద్ధతిగా కట్టిన పేట ఏదన్నా ఉందంటే అది జంతువులదే. 1959లో సర్కారు ఉత్తర్వు వచ్చింది, 1963 అక్టోబర్ 6న గేటు తెరిచారు, అంతవరకు బాగే ఆమ్ తోటలో బోనుల్లో ఉన్న జంతువులను ఇక్కడికి తెచ్చారు. 380 ఎకరాలు, వెడల్పాటి దారులు, నీడ చెట్లు, వెనకాల మీర్ ఆలం చెరువు. ఆ చెరువు కట్టను 1804, 1806 మధ్య కట్టారు, అది తిన్నగా ఉండదు, 21 అర్ధచంద్రాల్లాంటి రాతి కమాన్లు ఒకదాని పక్కన ఒకటి నిలబడి నీటిని ఆపుతాయి. మా గల్లీలో మాత్రం రెండు సైకిళ్లు ఎదురైతే ఒకటి వెనక్కి పోవాల్సిందే. సింహాలకు చుట్టూ కందకం, మాకు గుమ్మం ముందర మోరీ.

రెండర్రల ఇల్లు. చుట్టాలొస్తే గుడ్డల పెట్టె మూత లేచేది, కలరా ఉండల వాసన ఇల్లంతా పాకేది, బొంతలూ జంపఖానాలూ డాబా మీదికెక్కేవి. ఎండాకాలం రాత్రుళ్లు చెరువు మీది గాలి ఒక్కోసారి చల్లగా, ఒక్కోసారి గుర్రపుడెక్క కుళ్లిన వాసనతో వచ్చేది, దానిలో ఇంకేదో ఘాటు కూడా కలిసేది, పులిదో నక్కదో మాకెప్పుడూ తేలలేదు. అర్ధరాత్రి దాటాక సింహం అరిచేది. గర్జన అని పుస్తకాల్లో రాస్తారుగానీ దూరం నుంచి అది పెద్ద మనిషెవరో కడుపునొప్పితో మూలిగినట్టుండేది. ఊరి పిల్లలు తల్లి కొంగులో దూరేవాళ్లు. మా నాన్న పక్క మీద నుంచి లేవకుండానే "ఏం గాదు పండుకోండి, మన పక్కింటాయన లేసిండు" అనేవాడు.

వచ్చినవాళ్లు జూ కోసమే వచ్చేవాళ్లు కాదు. ఉస్మానియా దవాఖానలో చీటీ, కోర్టు వాయిదా, పెళ్లిచీరల బేరం, వీటిలో ఏదో ఒకటి ఉండేది, దానికి జూ తోడయ్యేది. ఆదివారం పొద్దుపోయి దిగితే చిక్కు, సోమవారం జూకు సెలవు కాబట్టి ఇంకో పూట, ఇంకో రాత్రి. ఆ సంగతి తెలిసిన క్షణంలో అమ్మ ముఖం చూడాలి. నవ్వుతూనే ఉండేది, చెయ్యి మాత్రం బియ్యం డబ్బా అడుగును తడుముతుండేది. నల్లా తెల్లవారుజామున నాలుగింటికి వచ్చేది, ఒక్క గంట. తొమ్మిది మందికి సరిపడా బిందెలు ఆ గంటలోనే నిండాలి. కంటి ఆపరేషన్ అని వచ్చి నలభై రోజులున్న పెద్దమనిషిని నేను ఇప్పటికీ పూర్తిగా క్షమించలేదు. ఆ యేడు నా పరీక్షలు మెట్ల మీద, వీధిదీపం కింద గడిచాయి. ఆ రోజులు మళ్లీ రావాలని ఎవరన్నా అంటే నేను వాళ్లను ఆ నల్లా దగ్గరికి పంపుతాను.

అయినా కొన్ని గుర్తుకొస్తాయి. సికింద్రాబాద్ నుంచి జూపార్కుకొచ్చే 7జెడ్ డబుల్ డెక్కర్, దాని పైఅంతస్తు ముందు సీటు, అక్కడ కూర్చున్న పిల్లవాడికి కొమ్మలు అద్దానికి తగిలే చప్పుడు. జూ నుంచి తిరిగొచ్చినవాళ్ల జేబుల్లో మిగిలిన పల్లీలు, బొమ్మ రైలు టికెట్టు ముక్క, చెప్పులకంటిన ఎర్రమన్ను. బస్సులు గౌలిగూడ షెడ్డు నుంచి 1994లో మూసీ మధ్యకు మారాయి, పాత షెడ్డు 2018లో కూలింది, డబుల్ డెక్కర్లు అంతకు ముందే పోయాయి. బహదూర్‌పురా చౌరస్తా మీద 2022లో ఒక ఫ్లైఓవర్, 2025 జనవరిలో ఆరాంఘర్ నుంచి జూ దాకా నాలుగు కిలోమీటర్ల పైచిలుకు ఇంకొకటి. ఇప్పుడు పాలమూరు వాళ్లు పొద్దున కారులో బయల్దేరి, జూ చూసి, రాత్రికి ఇల్లు చేరతారు. ఉండాల్సి వస్తే ఫోన్‌లో రూము తీసుకుంటారు, మనింటికి రాలేదేమని అడిగితే "మీకెందుకు తకలీఫ్" అంటారు. నిజమే. అమ్మకు నడుము నొప్పి తగ్గింది.

అమ్మ జూ చూసింది రెండేసార్లు, అంతే. 2024 మార్చిలో అక్కడి గలపాగోస్ తాబేలు పోయిందని, దానికి 125 ఏళ్లని, 1963లో బాగే ఆమ్ నుంచి వచ్చినవాటిలో అదీ ఉందని పేపర్లో పడితే చదివి వినిపించాను. "దాన్ని నేను చూసిన్నా?" అంది. చూడలేదు, రెండోసారి పోయినప్పుడు దాని ఎదురుగా బెంచీ మీద కూర్చుని నిద్రపోయినవ్ అన్నాను. కాసేపు గుర్తు తెచ్చుకుంది.

"నల్లా నాలుగింటికి వచ్చేది గదరా" అంది.