విశ్వాసానికి గణితం

భారతయుద్ధం పదిహేనవనాడు ద్రోణాచార్యుని చెవిన పిడుగులాంటి వార్త ఒకటి పడింది. కుమారుడు అశ్వత్థామ మరణించాడని భీముడు ప్రకటించాడు. ద్రోణుడు ఆ మాట నమ్మలేదు. నిజానిజాలు తేల్చుకోవడానికి ధర్మరాజును అడిగాడు. ఎంతటి రాజ్యలోభం ఎదురైనా ధర్మరాజు అసత్యమాడడని ఆయన విశ్వాసం. ధర్మరాజు చెప్పింది సగం నిజం. ఆ సగం నిజమే ఆచార్యుని చేత అస్త్రసన్యాసం చేయించి, ఆయన ప్రాణాన్ని బలిగొన్నది. తిక్కన సోమయాజి తెనిగించిన ద్రోణపర్వంలో ఈ ఘట్టాన్ని చదివినవారు ధర్మరాజు చేసిన తప్పును గురించి తరతరాలుగా తర్కిస్తూనే ఉన్నారు. ద్రోణుని పొరపాటును గురించి ఆలోచించేవారు అరుదు. అంత విశాలమైన రణరంగంలో ఆయన తన ప్రాణాన్ని ఒకే ఒక్క సాక్షి మాటకు ముడివేశాడు. ఆ ఒక్కడూ తడబడిన క్షణాన ఆయనను కాపాడేవారు మరెవరూ లేకపోయారు.

ఒక వార్తను నమ్మడానికి ఎంతమంది సాక్షులు కావాలి? వారిలో ఎంతమంది అబద్ధమాడినా మనం నిజాన్నే చేరుకోగలం? ఈ ప్రశ్నలకు అంకెలతో సమాధానం చెప్పవచ్చునని ఇరవయ్యవ శతాబ్ది చివరి పాదంలో కంప్యూటర్ శాస్త్రజ్ఞులు నిరూపించారు. ఆ సమాధానాన్ని మరింత సులభం, మరింత ఆచరణయోగ్యం చేయడంలో మూడు దశాబ్దాలకు పైగా కృషి చేసిన విదుషీమణి డాలియా మాల్కి. ఒక క్రిప్టోకరెన్సీ సంస్థకు ప్రధాన సాంకేతికాధికారిగా పనిచేసిన ఆమె వృత్తిజీవితం, విశ్వాసమనే మాటకు గల రెండు అర్థాలను మన కళ్ళ ముందు నిలుపుతుంది.

డబ్బు అనగానే మనకు చేతిలోని నోటు గుర్తుకు వస్తుంది. కాని, ఎవరి సొమ్ము ఎంతో తెలిపే లెక్కే దాని అసలు స్వరూపం. పల్లెలో షావుకారు ఆవర్జా, పట్టణంలో బ్యాంకు ఖాతా ఆ లెక్కకు రూపాలు. లెక్క రాసేవాడు ఒక్కడే అయినప్పుడు అందరూ అతనిని నమ్మక తప్పదు. 2008లో సతోషి నకమోటో అనే మారుపేరుతో వెలువడిన ఒక పత్రం బిట్‌కాయిన్ అనే కొత్త నాణేన్ని ప్రతిపాదించింది. అందులో ఆవర్జా ఒక్కరి చేతిలో ఉండదు. వేర్వేరు చోట్ల ఉన్న అనేక కంప్యూటర్లు దాని ప్రతులను భద్రపరుస్తాయి. అయితే అన్ని ప్రతులలోనూ అవే పద్దులు అదే వరుసలో ఉండాలి. ఒకే నాణేన్ని ఇద్దరికి చెల్లించాలని చూసే మోసగాడు ఎప్పుడూ ఉంటాడు. ఏ చెల్లింపు ముందు జరిగిందో అందరూ ఒకే మాట మీద నిలిస్తేనే అతని ఆట కడుతుంది. ఈ ఏకాభిప్రాయ సాధనే క్రిప్టోకరెన్సీకి ఆయువుపట్టు.

ఈ సమస్య బిట్‌కాయిన్ కంటె చాలా పాతది. 1982లో లెస్లీ లాంపోర్ట్, రాబర్ట్ షోస్టాక్, మార్షల్ పీజ్ అనే ముగ్గురు దీనిని ఒక కథగా చెప్పారు. బైజాంటైన్ సేనాపతులు కొందరు ఒక నగరాన్ని ముట్టడించి, తలొక దిక్కున విడిది చేశారు. అందరూ ఒకేసారి దాడి చేస్తే జయం, కొందరే చేస్తే వినాశం. వారు దూతల ద్వారానే మాట్లాడుకోవాలి. వారిలో కొందరు ద్రోహులు ఉన్నారు. ఆ ద్రోహులు ఒకరికి దాడి అని, మరొకరికి వెనుకంజ అని కబురు పంపుతారు. మాటను మార్చి చెప్పగల అవకాశం ఉన్నచోట ఒక ద్రోహిని తట్టుకోవాలంటే కనీసం నలుగురు సేనాపతులు ఉండాలని వారు నిరూపించారు. మొత్తంలో ద్రోహులు మూడవ వంతు కంటె తక్కువగా ఉండాలి. నూరుమంది ఉంటే 33 మంది ద్రోహులను భరించవచ్చు, 34వ ద్రోహి చేరితే భరోసా పోతుంది.

ఈ శాస్త్రశాఖకు పునాదులు వేసినవారిలో స్త్రీలు ప్రముఖులు. సందేశాలు ఎంత ఆలస్యమైనా కావచ్చునన్న పరిస్థితిలో, ఒక్క కంప్యూటర్ మూగబోయే అవకాశం ఉన్నా, ఏకాభిప్రాయం తప్పక కుదురుతుందని హామీ ఇచ్చే నియత పద్ధతి ఏదీ ఉండదని 1985లో నాన్సీ లించ్ తన ఇద్దరు సహచరులతో కలిసి నిరూపించారు. ఆ చిక్కు నుండి బయటపడే దారిని 1988లో సింథియా డ్వర్క్, నాన్సీ లించ్, లారీ స్టాక్‌మేయర్ చూపారు. 1992లో అనవసరపు ఈమెయిళ్ళను అరికట్టడానికి, పంపేవారి చేత ఒక కఠినమైన లెక్క చేయించాలని డ్వర్క్, మోనీ నవోర్ సూచించారు. బిట్‌కాయిన్‌లోని శ్రమ నిరూపణకు బీజం వంటి ఆలోచన అదే. 1999లో బార్బరా లిస్కావ్ తన శిష్యుడు మిగేల్ కాస్ట్రోతో కలిసి, సేనాపతుల సమస్యకు నిజమైన కంప్యూటర్లపై పనిచేసే పరిష్కారాన్ని రూపొందించారు. మాల్కి నడిచిన బాట ఇట్టిది.

ఆమె విద్యాభ్యాసం జెరూసలేంలోని హీబ్రూ విశ్వవిద్యాలయంలో సాగింది. ఇదే రంగంలో దిట్ట అయిన డానీ డోలెవ్ మార్గదర్శకత్వంలో 1994లో డాక్టరేటు పట్టా పొందారు. తరువాత అమెరికాలోని ఏటీ అండ్ టీ పరిశోధనశాలలో పనిచేస్తూ, 1997లో మైకేల్ రైటర్‌తో కలిసి బైజాంటైన్ కోరం వ్యవస్థలను గురించి ఒక పత్రం వెలువరించారు. కోరం అనే మాట గ్రామసభలకు వెళ్ళేవారికి తెలిసినదే. తగినంతమంది హాజరైతేనే తీర్మానం చెల్లుతుంది. ద్రోహులున్న సభకు కోరం ఎంత? నూరుమందిలో 67 మంది సంతకం చేయాలని నియమం పెడదాం. ఏ రెండు తీర్మానాలను తీసుకున్నా, రెండింటిపైనా సంతకం చేసినవారు కనీసం 34 మంది ఉండి తీరాలి. ద్రోహులు 33 మందికి మించరు గనుక ఆ 34 మందిలో ఒక్కరైనా నిజాయితీపరులు ఉంటారు. నిజాయితీపరుడు పరస్పర విరుద్ధమైన రెండు తీర్మానాలపై సంతకం చేయడు. కాబట్టి రెండు అబద్ధపు ఆవర్జాలు పుట్టే అవకాశమే లేదు. ఆ నిజాయితీపరుడు ఎవరో ఎవరికీ తెలియనవసరం లేదు. ద్రోణునికి ధర్మరాజు పేరు కావలసి వచ్చింది, ఈ గణితానికి ఏ పేరుతోనూ పని లేదు.

కొంతకాలం హీబ్రూ విశ్వవిద్యాలయంలో బోధించిన తరువాత ఆమె 2004లో మైక్రోసాఫ్ట్ వారి సిలికాన్ వ్యాలీ పరిశోధనశాలలో చేరి, పదేళ్ళు పనిచేశారు. 2011లో కంప్యూటర్ శాస్త్రజ్ఞుల అంతర్జాతీయ సంఘమైన ఏసీఎం ఆమెను ఫెలోగా గౌరవించింది. 2014లో ఆ పరిశోధనశాల మూతపడింది. దశాబ్దకాలం పనిచేసిన చోటు ఉన్నట్టుండి లేకుండా పోవడం ఎవరికైనా కష్టమే. అదే ఏడాది ఆమె వీఎంవేర్ సంస్థలో కొత్త పరిశోధన విభాగం స్థాపించినవారిలో ఒకరయ్యారు. ఆమెకు ఎక్కువ పేరు తెచ్చిన ‘హాట్‌స్టఫ్’ రూపుదిద్దుకున్నది అక్కడే.

హాట్‌స్టఫ్ గొప్పతనం దాని పొదుపులో ఉన్నది. అంతకు ముందటి పద్ధతిలో నూరు కంప్యూటర్లలో ప్రతిదీ మిగిలిన 99 కంప్యూటర్లకూ తన అభిప్రాయాన్ని విడివిడిగా పంపాలి. ఒక్క విడతకే 9,900 సందేశాలు. పంచాయతీలో ప్రతివారూ లేచి వెళ్ళి ప్రతివారి చెవిలోనూ చెప్పినట్లుంటుంది. సభ్యుల సంఖ్య పెరిగేకొద్దీ మాటల రద్దీలో పని మునిగిపోతుంది. హాట్‌స్టఫ్‌లో ఒక కంప్యూటర్ ఆ విడతకు నాయకత్వం వహించి ప్రతిపాదనను అందరికీ పంపుతుంది. అందరూ తమ సంతకాలను దానికే తిరిగి పంపుతారు. 67 సంతకాలు చేరగానే నాయకుడు వాటిని ఒక చిన్న ధ్రువపత్రంగా కూర్చి అందరికీ చూపుతాడు. విడతకు దాదాపు 200 సందేశాలతో పని ముగుస్తుంది. ఇట్టి విడతలు మూడు గడిస్తే తీర్మానానికి ఇక తిరుగులేదు.

మరి నాయకుడే ద్రోహి అయితే? 67 సంతకాలు లేనిదే ధ్రువపత్రం పుట్టదు గనుక అతడు అబద్ధాన్ని సృష్టించలేడు. మహా అయితే పని ఆపగలడు. అప్పుడు మరొకరు నాయకులవుతారు. పాత పద్ధతిలో నాయకుని మార్చడమంటే పెద్ద ప్రయాస. హాట్‌స్టఫ్‌లో అది రోజువారీ పనికి అయ్యే ఖర్చులోనే జరిగిపోతుంది. మావోఫాన్ యిన్, మాల్కి, రైటర్, గై గోలన్ గూయెటా, ఇట్టాయ్ అబ్రహాం కలిసి రాసిన ఈ పరిశోధన 2018లో వెలుగు చూసి, 2019లో ఒక ప్రముఖ సదస్సులో ప్రచురితమైంది.

2019 జూన్ 18న ఫేస్‌బుక్ సంస్థ లిబ్రా అనే క్రిప్టోకరెన్సీని ప్రకటించింది. బ్యాంకు ఖాతా లేని కోట్లాది మందికి సెల్‌ఫోన్ ద్వారా చౌకగా డబ్బు పంపుకొనే సౌకర్యం కల్పించడం తమ ఆశయమన్నది. జెనీవాలో ఒక సంఘం ఏర్పడింది. ప్రకటననాటికి అందులో 28 సంస్థలున్నాయి, వాటిని నూరుకు పెంచాలన్నది సంకల్పం. ఆ ఆవర్జాను నడిపే ఏకాభిప్రాయ పద్ధతికి హాట్‌స్టఫే ఆధారం. ఆ నెలలోనే మాల్కి ఈ పథకంలో పరిశోధకురాలిగా చేరారు. తరువాత ఆ సంఘానికి ప్రధాన సాంకేతికాధికారి అయ్యారు. కాగితంపై పుట్టిన సిద్ధాంతం లోకంలోకి అడుగు పెట్టే వేళ, దాని రూపకర్తలలో ఒకరికే పగ్గాలు అందడం అరుదైన అవకాశం.

అయితే లోకం లేవనెత్తిన ప్రశ్న వేరు. నూరింట 33 కంప్యూటర్లు మోసం చేసినా ఆవర్జా చెక్కు చెదరదని ఇంజనీర్లు చెప్పగలరు. ఆ ఆవర్జాను తలపెట్టిన సంస్థను ఎందుకు నమ్మాలని ప్రభుత్వాలు అడిగాయి. 2018లో బయటపడిన కేంబ్రిడ్జ్ ఎనలిటికా ఉదంతంలో కోట్లాది మంది సొంత వివరాలు ఫేస్‌బుక్ నుండి పరుల చేతికి చిక్కాయి. ఆ జ్ఞాపకం ఇంకా పచ్చిగానే ఉంది. నాణెం ముద్రించే అధికారం ప్రైవేటు సంస్థలకు తగదని ఫ్రాన్స్, జర్మనీ ప్రభుత్వాలు అభ్యంతరం తెలిపాయి. 2019 అక్టోబరులో పేపాల్, వీసా, మాస్టర్‌కార్డ్ తదితర సంస్థలు సంఘాన్ని వీడాయి. అదే నెల 23న మార్క్ జుకర్‌బర్గ్ అమెరికా ప్రతినిధుల సభాసంఘం ముందు సంజాయిషీ చెప్పుకోవలసి వచ్చింది. 2020 డిసెంబరులో లిబ్రా పేరును డియెమ్‌గా మార్చారు. పేరు మారినా అనుమానం తీరలేదు.

2021లో మాల్కి అక్కడి నుండి చెయిన్‌లింక్ ల్యాబ్స్‌కు ప్రధాన పరిశోధనాధికారిగా వెళ్ళారు. 2022 జనవరి ఆఖరున డియెమ్ ఆస్తులను సిల్వర్‌గేట్ అనే బ్యాంకుకు అమ్మివేశారు. ఆ నాణెం ఒక్కనాడూ ప్రజల చేతికి రాలేదు. కొన్న బ్యాంకు సైతం 2023 మార్చిలో మూసివేత ప్రకటించింది. ఈలోగా 2022 నవంబరులో ఎఫ్‌టీఎక్స్ అనే క్రిప్టో వ్యాపారసంస్థ కుప్పకూలింది. దాని ఖాతాదారులు తమ నాణేలను భద్రపరచమని ఆ సంస్థ చేతికే అప్పగించి ఉన్నారు. ఒక్కరిని నమ్మవలసిన అవసరం లేదని పుట్టిన నాణెం చుట్టూ, ఒక్కరినే నమ్మే పాత అలవాటు మళ్ళీ అల్లుకున్నది. గణితం తప్పలేదు. గణితానికి వెలుపల మనుషులు తప్పారు.

అయినా మాల్కి, ఆమె సహచరుల శ్రమ వృథా కాలేదు. డియెమ్ కోసం రాసిన ప్రోగ్రాములు ఎవరైనా చదివి వాడుకోగలిగినట్లు బహిరంగంగానే ఉన్నాయి. అక్కడ పనిచేసిన కొందరు స్థాపించిన ఆప్టోస్ అనే బ్లాక్‌చెయిన్ 2022 అక్టోబరులో ప్రారంభమైంది. దాని ఏకాభిప్రాయ పద్ధతి హాట్‌స్టఫ్ వంశానిదే. మాల్కి తరువాత శాంటా బార్బరాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఆచార్యులయ్యారు. నాడు డోలెవ్ వద్ద ఆమె నేర్చినట్లే, నేడు ఆమె వద్ద మరొక తరం నేర్చుకుంటున్నది.

ఆమె పనిచేసిన పరిశోధనశాల ఒకటి మూతపడింది. ఆమె సారథ్యం వహించిన నాణెం పుట్టకుండానే పోయింది. పేరు మోసిన సంస్థను చూసి ఉద్యోగాన్ని ఎంచుకొనే యువతరం గమనించవలసింది ఇక్కడే ఉన్నది. సంస్థల ఆయుస్సు మన చేతిలో లేదు. క్షుణ్ణంగా నేర్చిన విద్య, నలుగురితో పంచుకొన్న పని మాత్రం ఒక గూడు చెదిరితే మరొక గూటికి చేరుకొని బతుకుతాయి.

ఈ గణితం మనుషులందరూ చెడ్డవారని అనదు. కొందరు తప్పుతారని ముందే అంగీకరించి, వారి వల్ల అందరూ చెడకుండా ఏర్పాటు చేస్తుంది. 33 మంది మాట తప్పినా నిలిచే సభను అది నిర్మించగలదు. మిగిలిన 67 మందిని సత్యం పలికేటట్లు చేయడం మాత్రం ఏ గణితానికీ సాధ్యం కాదు. ఆ పని మనుషులే చేయాలి.