ఆముదం తాగిన విమానాలు

మా టీములో ఏ డేటాబేసు వాడాలన్న చర్చ వస్తే చాలు, ఎక్సెల్ షీటు తెరుచుకుంటుంది. అంకెలు, రంగులు, బెంచిమార్కులు... వాటిని ఆర్నెల్లు నడిపి చూసినవాణ్ణి మాత్రం ఎవరూ పిలిచి అడగరు. అప్పుడల్లా నాకు 1909 గుర్తొస్తుంది.

విమానాల వాళ్ళకి ఆ ఏడాది ఇంజన్లతో ఇదే గోల. కాగితం మీద ఆంట్వానెట్ ఇంజనుదే పైచేయి. ఎనిమిది సిలిండర్లు, కార్బురేటరు బదులు పెట్రోలు ఇంజెక్షను. ఆ రోజుల్లోనే! కానీ జులై 19న లాథమ్ ఇంగ్లీషు ఛానలు దాటబోతే మధ్యలో ఆగిపోయింది, పాపం సముద్రంలో దిగాడు. ఆరు రోజులకి బ్లెరియో మూడు సిలిండర్ల అంజానీతో దాటేశాడు. 25 హార్స్‌పవర్, నూనె చిమ్మే మొరటు ఇంజను.

అసలు తమాషా ఆగస్టులో, ఫ్రాన్సులోని రాన్స్ పోటీల్లో. హెన్రీ ఫార్మన్ తన విమానంలోంచి వివినస్ ఇంజను పీకేసి, కొత్తగా వచ్చిన గ్నోమ్ పెట్టించాడు (మన లినక్సు డెస్క్‌టాప్ కాదు లెండి). దీంట్లో క్రాంక్‌షాఫ్టు కదలదు, సిలిండర్లే ప్రొపెల్లరుతోపాటు గిర్రున తిరుగుతాయి. రేడియేటరు అక్కర్లేదు, గాలికే చల్లబడతాయి. ఆగస్టు 27న మూడు గంటలపైన ఎగిరి 180 కిలోమీటర్లు తిరిగాడు. అది కళ్ళారా చూసినవాళ్ళకి ఇంక బ్రోచర్లతో పనేముంది?

దాని లోపాలూ నడిపినవాళ్ళకే తెలిశాయి. అందులో పోసే నూనె ఏంటో తెలుసా? మన ఆముదం! పెట్రోలులో తేలిగ్గా కలవదని అదే వాడేవారు. పోసిన నూనె మళ్ళీ వెనక్కి రాదు, బయటికి చిమ్ముతుంది. పైలట్లు దాన్ని పీల్చీ మింగీ... మిగతాది మీరే ఊహించుకోండి. చిన్నప్పుడు అమ్మమ్మ ముక్కు మూసి పట్టించిన ఆముదం గుర్తుంటే ఊహించడం కష్టం కాదు. పైగా అంత బరువు తిరుగుతుంటే విమానం కుడికి తిరిగినట్టు ఎడమకి తిరగదు. ఇవేవీ హార్స్‌పవర్ అంకెలో కనబడవు.

మా ఉంగుటూరు వైపు ఆయిలింజన్ల రోజుల్లోనూ ఇంతే. కొనేముందు అది నడుస్తున్న చేలోకెళ్ళి, గట్టు మీద కూచుని అడిగేవాళ్ళు: "గంటకెంత తాగుద్ది బాబాయ్? చలికాలం పొద్దున్నే హేండిలెన్నిసార్లు తిప్పాలి?" మెకానిక్కయితే దూరం నుంచి శబ్దం వినే ఏ కంపెనీదో, ఏం తేడా చేసిందో చెప్పేసేవాడు. కరెంటు మోటార్లొచ్చాక ఆ చెవులతో పని లేకపోయింది. ఆ విద్య ఏ మాన్యువల్లోనూ ఎక్కలేదు.

మా ఊరి పెద్ద మెకానిక్కుకి ఎనభై దాటాయి. సంక్రాంతికి వెళ్ళినప్పుడు ఫోన్లో రికార్డరు ఆన్ చేసి ఆయన పక్కన కూచుందామనుకుంటున్నా. మీలో ఎవరైనా ఇప్పటికే ఇలాంటిది చేసుంటే ఏమేం అడగాలో కాస్త చెప్పండి.