కుప్పబండి

ప్రతిదినము ఉదయము ఆరున్నర గంటలకు మా వీథికి కుప్పబండి వచ్చును. ఆంధ్రదేశమున శిక్షణ పొంది మేము దిండిగల్లునకు వచ్చిన క్రొత్తలో, ఒక బాలుడు చినిగిన కాగితమును "కుప్పలో వేసితిని సార్" అని చెప్పగా, మాకు ధాన్యపు కుప్ప తోచి నవ్వు వచ్చినది. "చెత్త అనవలెను నాయనా" అని దిద్దితిమి. ఆ దిద్దుబాటు అవసరమా యని ఇప్పుడు మాకు సందేహమే.

మాటను దిద్దిన మేము చెత్తను వేరు చేయుట మాత్రము నేర్వలేదు. 2016 నాటి కేంద్ర ప్రభుత్వ నిబంధనలు ప్రతి గృహస్థును తడి చెత్త, పొడి చెత్త, అపాయకరమైన చెత్త అని మూడుగా వేరుచేసి యిమ్మన్నవి. కూరగాయల తొక్కలు ఒకచోట. కాగితము, ప్లాస్టిక్కు వేరొకచోట. పాడైన బ్యాటరీలు, కాలము తీరిన మందులు, సూదులు ఇంకొకచోట. వీథిలో పారవేయుట గాని తగులబెట్టుట గాని కూడదు. తమిళనాట 2019 జనవరి 1 నుండి ప్లాస్టిక్ సంచులు, గ్లాసులు మున్నగునవి నిషేధింపబడినవి. ఇవన్నియు తరగతిలో చెప్పి, ప్రశ్నలడిగి, మార్కులు వేసినవారమే.

ఒకనాటి రాత్రి మా చేతినుండి గాజు గ్లాసు జారి పగిలెను. చేతికందిన పెంకులను వంకాయ తొడిమలతోబాటే బుట్టలో వేసితిమి. మరునాడు బండియొద్ద ఆ బుట్టలో చేయిపెట్టిన ఆమె "అబ్బా!" అని చేయి వెనుకకు తీసికొనెను. వ్రేలినుండి రక్తము కారుచుండెను.

"సారూ, గాజు పెంకులు తనిగా కాగితంలో చుట్టి ఇయ్యకూడదా?"

తెలుగు! రెండేండ్లుగా ఆమెతో మేము వచ్చీరాని తమిళముననే మాటలాడుచుంటిమి. తమిళనాట ఈ పని చేయువారిలో పలువురు అరుంధతీయులనియు, వారిలో అనేకుల యింటిభాష తెలుగనియు చదివియుంటిమి. చదివినది గుమ్మము ముందు నిలిచినపుడు గుర్తింపలేకపోతిమి. పేరైనను అడిగినవారము కాము.

వ్రేలు కడిగి కట్టు కట్టి, క్షమింపుమని కోరితిమి. ఇంట మిగిలిన పెంకులను దళసరి కాగితమున చుట్టి, పైన పెద్ద అక్షరములతో 'గాజు' అని వ్రాసి యిచ్చితిమి. ఆమె పొట్లమును అటునిటు త్రిప్పి చూచెను.

"ఏం రాసినారు సారూ? మాకు తెలుగు మాట్లాడను వచ్చు, చదవను రాదు. తమిళమైతే చదువుతాను."

"మీ పిల్లలకో అమ్మా?"

"వాండ్లదీ తమిళ బడే సారూ."

ఆ పొట్లమును మరల తీసికొని, తెలుగు మాట క్రింద తమిళమున 'కణ్ణాడి' అని వ్రాసి యిచ్చితిమి.